చిల్లవాగు

పటంలో ఇది రెండు గీతలు,
మధ్యలో తూర్పుకి చూపించే బాణం.
సర్వేలో గొలుసు లాగిన మాలకొండయ్య కూతుర్ని కాబట్టి
ఆ గీతల మధ్య ఎంత ఎడముందో నాకు తెలుసు:
గుట్ట దిగేచోట ఆరడుగులు,
చాకిరేవు దగ్గర ముప్పై,
విశాఖ కార్తెలో వాయుగుండం పట్టిన రాత్రి మాత్రం
ఇంతని చెప్పడానికి గట్టంటూ ఉండదు.

గుండ్లగుట్ట తూర్పు చంకలో పుడుతుంది.
పుట్టడమంటే పెద్ద మాట.
బండల సందున నాచు తడిగా ఉంటుంది, అంతే.
నాలుక ఆనించి చూసే మేకలకి తెలుసు అది వాగని.
ఆ తర్వాత అరమైలు కనపడదు.
పెద్దోళ్లు నిద్దరోతుంటే
చెప్పులు చేతబట్టుకుని వసారా దాటే పిల్లలా
ఇసక కింద నడిచిపోతుంది.

పొగాకు బేరన్ల వెనక మళ్లీ తేలుతుంది.
అక్కడ ఇసకలో కాకిబంగారం రేకులు.
అక్కడే బాలవెంగమ్మ చెలమ తీసేది.
మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసేది,
రెండోసారివి మబ్బురంగు, గేదెకి.
మూడోసారి వంగితే ముఖం కనపడేది.
అవి కడవకి.
"బోరు నీళ్లు పళ్లకి పసుపు పూస్తాయి,
మోకాళ్లకి తాళమేస్తాయి.
ఈ నీళ్లకైతే పప్పుడుకుద్ది" అనేది.
ఆమె చేసిన పరీక్ష అదొక్కటే.
తప్పినట్టు నేను వినలేదు.

సంక్రాంతి దాటాక వాగు తెగిపోతుంది,
పూస దండ తెగినట్టు, మడుగులు మడుగులుగా.
కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపు కింద
కాపలా తిరుగుతుంది.
ఎండ్రకాయ బొరియలోకి పోయి
వాకిట్లో మట్టి ముద్ద పెట్టుకుంటుంది.
లకుముకిపిట్ట రోజూ అదే రాయి మీద,
రోజురోజుకీ నీళ్లకి కాస్త దగ్గరగా
లేదా నీళ్లే దానికి దూరంగా.

గట్టు మీద చిల్లచెట్లుండేవంట, పేరు అందుకే.
ఆ గింజ కడవ లోపల నాలుగు చుట్లు అరగదీస్తే
వరద నీళ్లలో మన్ను అడుక్కి దిగేది.
మా నాయన రెండు చెట్లు చూశాడు.
నేను ఒక్క గింజ చూశాను,
అవ్వ కొంగుముడిలో, చుట్టముక్క పక్కన.

ఇప్పుడూ గట్టు నిండా చిల్లచెట్లే.
ఆ చిల్ల కాదు. చిల్లకంప.
పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరో తెచ్చి చల్లింది,
మేకలు కాయలు తిని
పెంటికల్లో వాగు పొడుగునా నాటింది.
ఒక చిల్ల నీళ్లని తేర్చేది.
ఒక చిల్ల నీళ్లని తాగేస్తుంది.
పేరు మార్చుకునే పని వాగుకి పడలేదు.

తిట్టడానికి రాయలేదు ఇది.
ఆ కంప బొగ్గు అమ్మే
మా పక్కింటి పోలేరి కూతుర్ని నర్సింగు చదివించింది.
బుడమకాయల తీగ ఆ ముళ్ల మీదే పాకుతుంది.
అయినా బాలవెంగమ్మ తవ్వినచోట
నేను మోచేతి లోతు తవ్వాను, భుజం లోతు తవ్వాను.
గోళ్లలోకి పొడి ఇసక వచ్చింది.

మొన్న మళ్లీ సర్వే అన్నారు.
పైన డ్రోను, కింద చేతిలో కర్రలాంటి యంత్రంతో ఒక కుర్రోడు.
"వాగెక్కడమ్మా, అంతా కంపేగా?"

మండువేసవిలో దొరలు ఇదే అడిగితే
నాయన నీళ్ల కోసం చూసేవాడు కాదు.
తుంగ గడ్డ ఎక్కడిదాకా దొరికితే
అక్కడిదాకా గొలుసు పరిచేవాడు.
"నీళ్లు వస్తాయి పోతాయి సార్,
తుంగ అబద్ధమాడదు."

తుంగ లేదు.
ముళ్లు తప్పించుకుంటూ కంప కింద దూరి
చాలాసేపు వెతికాను.
ఒక నత్తగుల్ల దొరికింది, తెల్లగా, బోలుగా,
వేలెడు ఇసకతో.
"ఇక్కడిదాకా" అన్నాను.

కుర్రోడు నన్ను చూశాడు, గుల్లని చూశాడు,
యంత్రం దాని పక్కన నిలబెట్టి
అంకెలు ఆగేదాకా ఆగి
రాసుకున్నాడు.